టాపిట్ మూత, జొన్నపిండి

పాత ఇనుప సామాన్లు కొనే మనిషి దాన్ని గోనెసంచిలో వేసుకోబోతుంటే నేను ఆపాను. రోడ్డు వెడల్పు చేస్తున్నారని లక్సెట్టిపేటలో మా మిషను వీధి ఇల్లు సగం పోతున్నది. మిగిలిన సగం ఎట్లాగూ నిలవదు కాబట్టి నా చెల్లెలి కూతురు గ్రేస్ సెలవు పెట్టుకొని, నన్ను మంచిర్యాల నుంచి వెంటబెట్టుకొని, ఇల్లు ఖాళీ చేయించడానికి వచ్చింది. చెల్లెలు పోయినప్పటి నుంచి నేను ఉండేది ఆ పిల్ల దగ్గరే. ఆ రోజు నేను చేసిన పనల్లా వాకిట్లో ప్లాస్టిక్ కుర్చీలో కూర్చొని ఏది ఉంచాలో ఏది పారేయాలో చెప్పడమే. అదే నాకు మోయలేని పనైంది. ఒక వస్తువును ఉంచుకోవాలంటే అదేమిటో, ఎవరిదో చెప్పాలి. పారేయాలంటే ఏమీ చెప్పనక్కర్లేదు. మధ్యాహ్నానికల్లా అన్నింటికీ పారేయమనే అంటున్నాను.

కోళ్లగూడు వెనక మట్టిలోంచి అతను బయటికి లాగింది మూరెడు పొడవున్న రేకు తొట్టి. ఎప్పటిదో నల్లరంగు అక్కడక్కడా పెచ్చులుగా మిగిలింది, తక్కినదంతా తుప్పు. అడుగున రెండు బెజ్జాలు, వాటిలో గట్టిపడ్డ మైనం. ఒక చివర తిప్పినా రాని గుండ్రటి బిరడా.

"ఇదేంది పెద్దమ్మా, కోళ్లకు నీళ్లువోసే తొట్టెనా?" అని అడిగింది గ్రేస్.

"తొట్టె గాదే, మూత. కారు ఇంజను మీది మూత."

"కారు మూత మనింట్ల ఎందుకున్నది? మనకు కారెప్పుడున్నది?"

"ఉత్త రేకేనమ్మా," అన్నాడు ఆ మనిషి, నేను దాన్ని ఏదో గొప్ప వస్తువనుకుంటున్నానేమోనని. "వెట్టుకొని ఏం జేస్తరు?"

ఏం చేస్తానో నాకూ తెలియదు. ఒళ్లో పెట్టుకొని అంచు వెంబడి వేలితో రాసి చూశాను. సుగరు వచ్చాక నా వేళ్ల కొసలకు తెలివి తగ్గింది. అంచు చదునుగా ఉన్నదో వంగి ఉన్నదో అవి నాకు చెప్పలేదు. అట్లా చెప్పలేని వేళ్లను నేను అంతకుముందు ఒకసారి చూశాను. ఈ మూత మీదనే.

మా బాపు దేవయ్య డ్రైవరు. భైంసా నుంచి వచ్చి మా ఊళ్లో టేకు కలప కంట్రాక్టులు చేసే ఒక సేటు దగ్గర పని. నిజాం రాజ్యం పోయి కొన్నేళ్లయింది. తాలూకా కచ్చేరి బోర్డు మీద ఉర్దూ అక్షరాల పక్కన తెలుగు అక్షరాలు వచ్చి చేరిన రోజులు. సేటు ఇల్లున్న గల్లీలో ఎడ్లబండి మళ్లడమే కష్టం, కారు పోనే పోదు. అందుకని మా ఇంటి పక్కన తాటాకు పాక వేయించి కారును అందులో ఉంచేవాడు. పొట్టి ముక్కు నల్ల కారు, ఎవరో తెల్లదొర వాడుకొని వదిలి పోయింది. అడవి దారుల్లో దుమ్ము తిని తిని దాని గొంతు బొంగురు పోయింది. ఊరు మొత్తంలో కార్లు వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు కాబట్టి వీధిలోవాళ్లు దాన్ని దూరం నుంచి మర్యాదగా చూసేవారు. మా అవ్వకు, అంటే మా అమ్మకు, మాత్రం ఆ మర్యాద లేదు. దాన్ని బర్రె అనేది. "బర్రెకు నీళ్లువోసినవా?" అంటే రేడియేటరు నింపావా అని. "బర్రె మళ్ల కారుతున్నది" అంటే నూనె సంగతి.

నూనె కారడం దానికి పుట్టుకతో వచ్చిన గుణం. ఇంజను నెత్తిన కవాటాలుంటాయి. గాలిని లోపలికి విడిచి, పొగను బయటికి తోలే చిన్న తలుపుల్లాంటివి. వాటిని నొక్కి తెరిచే ఇనుప చేతులు ఒక వరుసలో ఉంటాయి. ఆ చేతులకూ కవాటాలకూ మధ్య వెంట్రుకంత సందు ఉండాలి. సందు ఎక్కువైతే కటకటమంటుంది, తక్కువైతే కవాటం సరిగా మూసుకోక కాలిపోతుంది. వాటన్నింటి మీద ఎప్పుడూ నూనె చిమ్ముతూ ఉంటుంది కాబట్టి పైన ఈ రేకు మూత. బాపు దాన్ని టాపిట్ మూత అనేవాడు. నెలకో రెండు నెలలకో దాన్ని తీసి, సందులు సరిచూసి, మళ్లీ పెట్టేవాడు. కరీంనగర్ తీసుకుపోతే చేసేవాళ్లు ఉన్నారు గానీ కారు ఒకరోజు అక్కడే ఉండిపోతుంది, సేటుకు అంత ఓపిక లేదు. పైగా ఇంటి దగ్గర చేయడం బాపుకు గొప్ప.

ఆ పని శనివారమే. ఆదివారం చర్చి, పనిముట్టు ముట్టుకోం. మా కారుకు ఆ సందులు ఇంజను వేడిగా ఉన్నప్పుడే చూడాలి. కాబట్టి సేటును దింపి వచ్చి బాపు కారును పాకలో ఆపీ ఆపకముందే ఇంట్లో హడావిడి మొదలయ్యేది. అవ్వ పొయ్యి మీద నుంచి రొట్టె పెనం దించి, చాటలో పాత ధోవతి ముక్క పరిచి తెచ్చేది. విప్పిన నట్లూ వాషర్లూ వచ్చిన వరుసలోనే చాటలో ఉండాలి. కోళ్లు దాన్ని తొక్కకుండా అవ్వ పక్కనే నిలబడి అదిలిస్తూ ఉండేది. బాపు రెండు చేతులకూ గుడ్డలు చుట్టుకొని, అడ్డంగా ఉన్న గాలిగొట్టం తప్పించి, నట్లు విప్పి, మూతను ఒక పక్క నుంచి అరచేత్తో మెల్లగా తట్టేవాడు. అది కింది అట్టకు అతుక్కొని ఉండేది. స్క్రూడ్రైవరు మొన దూర్చి లేపితే తొందరగా వస్తుంది గానీ అంచు పాడవుతుంది. బాపు ఎప్పుడూ దూర్చలేదు. మూత లేచినప్పుడు వచ్చే వాసన, కాగిన నూనె, మసి, మాడిన బెల్లం లాంటిది ఇంకేదో, అవ్వ రొట్టెల వాసనతో కలిసి మా ఇంటి శనివారం వాసన అయింది. రేపు ఆదివారం అని నాకు చర్చి గంట కంటే ముందు ఆ వాసనే చెప్పేది.

నేను మిషను బళ్లో ఏడో తరగతి దాకా చదివాను. తక్కినదంతా గ్రంథాలయం. కచ్చేరి వెనక ఒక గది, రెండు బీరువాలు, ఒక పొడుగు బల్ల. ఆడపిల్లలు లోపల మగవాళ్లతో కూర్చొని చదివే అలవాటు లేదు కాబట్టి నేను అరుగు మీద కూర్చునేదాన్ని. గ్రంథాలయం చూసే పెద్దాయన కిటికీలోంచి పుస్తకం అందించేవాడు. బీరువాలో ఏ వరుసన ఉంటే ఆ వరుసన చదివాను. తేనెటీగల పెంపకం, నక్షత్రాలు, బాలింతల ఆరోగ్యం, చలిదేశాల పొలాలు. ఊళ్లో ఇంత చదివినదాన్ని నేనొక్కదాన్నే అన్న గర్వం నాకుండేది, అది ఇప్పటికీ పూర్తిగా పోలేదు. మోటారు యంత్రాల పుస్తకం కూడా అట్లాగే చేతికొచ్చింది. కోస్తా వైపు అచ్చయింది, గ్రాంథికం. బాపుకు చదువు రాదు. నేను పాకలో నిలబడి చదివి వినిపిస్తే ఆయన ఇంజను మీద వంగి వినేవాడు.

"కవాటమంటే ఏందే?"

"వాలు బాపూ."

"వాలు అని రాస్తే కాగితం చినుగుతదా?"

మూతకూ ఇంజనుకూ మధ్య మెత్తటి బెండు పట్టీ ఉండాలని ఆ పుస్తకంలో రాశారు. అది హైదరాబాదు నుంచి రావాలి, రాదు. అందుకని బాపు సబ్బుల పెట్టె అట్టను అంచు కొలతకు కత్తిరించి, నీళ్లలో నానబెట్టి ఆరబెట్టి, ఆముదం రాసి వేసేవాడు. కొన్ని ప్రయాణాలకు అది మాడి పెళుసయ్యేది. అప్పుడు అవ్వ తన సలహా బయటికి తీసేది.

"మా అవ్వగారింట్ల కుండమూతికి జొన్నపిండి ముద్ద వెట్టేటోళ్లు. ఒక్క బొట్టు బయటికి రాకపోయేది."

"గా కుండల ఏం కాగేదో పాస్టరుగారికి చెప్పాల్నా?" అనేవాడు బాపు.

అవ్వ పుట్టిల్లు ఆదిలాబాదు అడవి వైపు. వాళ్ల కుండలో కాగింది ఇప్పసారా అని అందరికీ తెలుసు. బాప్తిస్మం పొందాక ఆ మాట ఎత్తేది బాపు ఒక్కడే, అదీ అవ్వ కారు విషయంలో తల దూర్చినప్పుడే.

"బొట్టు రాకపోయేది అన్న. తాగేటోళ్లని అనలే," అని గొణుక్కుంటూ అవ్వ కోళ్ల మీదికి పోయేది.

నట్లు బిగించడం మాత్రం బాపు నాకు ప్రత్యేకంగా నేర్పాడు. పలచటి రేకు మూత కాబట్టి బలం పెడితే కుంగుతుంది, కుంగితే మూలలు లేస్తాయి, లేచిన చోట నుంచి నూనె కారుతుంది. "చంటిపిల్లకు మొలతాడు కట్టినంత బిగియ్యాలె. జారొద్దు, ఒత్తొద్దు," అనేవాడు. ఇంకోమాట కూడా అనేవాడు. "కారుతదేమో అని బుగులు వడ్డోడే ఎక్కువ బిగిస్తడు. గా బిగిచ్చుడుతోనే కారుతది."

ఒక ఎండాకాలం మూత కారడం మొదలైంది. ఎప్పటిలా బొట్టు బొట్టుగా కాదు. కారిన నూనె కింద ఎర్రగా కాగే పొగగొట్టం మీద పడి, నీలం పొగ లేచి, కారు లోపలికే వచ్చేది. బాపు మూత తీసి కొత్త అట్ట వేశాడు. మళ్లీ కారింది. మళ్లీ తీసి, ఇంకా గట్టిగా బిగించాడు. చూస్తున్న నాకే బలం ఎక్కువైందని తెలుస్తున్నది, పట్టుకున్న ఆయనకు తెలియడం లేదు. నాకు ఏం నేర్పాడో అదే తాను తప్పుతున్నాడు.

"ఒత్తుతున్నవు బాపూ," అన్నాను.

"ఏడ ఒత్తిన? ఇంకా వదులుగనే ఉన్నది."

ఆ శుక్రవారం సాయంత్రం సేటు కారు దిగి ఇంటికి పోకుండా పాక దాకా వచ్చాడు. ఆయన తెలుగులో అక్కడక్కడా భైంసా మరాఠీ తగిలేది.

"కాయ్ దేవయ్యా, కారుల పొయ్యి వెట్టినవా? కోడలు పిల్ల తొవ్వంతా ముక్కు మూసుకొని కూసున్నది. సోమవారం ఆమెను తోలుకొని భైంసా పోవాలె. గప్పుడు గూడ గిట్లనే పొగొస్తే కరీంనగర్ నుంచి ఇంకో డ్రైవరును పిలిపిస్త. మనసుల వెట్టుకోకు."

"రాదు సేటు సాబ్," అన్నాడు బాపు.

మరునాడు ఆయన మంచిర్యాల స్టేషను దాకా పోయి వచ్చి కారును పాకలో పెట్టాడు. ఇంజను దగ్గర నిలబడలేనంత వేడి. అవ్వ చాట తెచ్చింది. బాపు గుడ్డలు చుట్టుకోలేదు, తొందరలో మరిచాడనుకున్నాను. ఎడమచేత్తో గాలిగొట్టం తప్పిస్తూ కుడిచేతి వేళ్లు మూత మీద ఆనించాడు. ఆనించి ఉంచాడు. ఇప్పుడు తీస్తాడు, ఇప్పుడు తీస్తాడు అని నేను చూస్తున్నాను. ముందు నా ముక్కుకే తెలిసింది.

"బాపూ, చెయ్యి."

ఆయన చెయ్యి ఎత్తి, అది ఎవరిదో అన్నట్టు చూసుకున్నాడు. వేళ్ల కొసలు తెల్లగా పొంగాయి. ముఖంలో నొప్పి లేదు. "ఏం కాలే. జర తిమ్మిరెక్కింది," అన్నాడు. అవ్వ పరుగున పోయి కలబంద తెచ్చి గుజ్జు పూసింది. పూస్తున్నంతసేపూ వేళ్లను కాకుండా ఆయన ముఖాన్నే చూసి, లోపలికి పోయింది.

నేను కలబంద మట్టను పట్టుకొని నిలబడే ఉన్నాను. గ్రంథాలయంలో జబ్బుల గురించిన పుస్తకం ఒకటి ఉండేది. అందులో ఒక పేజీ. పాలిపోయిన మచ్చ, వేడీ చల్లదనమూ తెలియని చర్మం, మొద్దుబారే వేళ్లు. చదివి, మనకెందుకని తిప్పేసిన పేజీ. బాపు మోచేతి పైన ఒక మచ్చ ఉండేది, శోభి అనుకునేవాళ్లం. మా వైపు కుష్ఠును పెద్దరోగం అంటారు, అదీ గొంతు తగ్గించి. చదువు వల్ల అలసట వస్తుందని నాకు మొదటిసారి తెలిసింది ఆ పాకలోనే. తెలియనివాళ్లకు అది తిమ్మిరి. నాకు కాదు.

"ఎప్పటి సంది బాపూ?" అని అడిగాను.

"ఏంది?"

"వేళ్లకు తెలుస్తలేదు గద."

ఆయన కారు తలుపు మెట్టు మీద కూర్చున్నాడు. "చలికాలం సంది," అన్నాడు. "ఆకు తెలుస్తలేదు."

ఆకు అంటే కవాటాల సందులో దూర్చి చూసే పలచటి ఉక్కు ముక్క. అది పట్టీ పట్టనట్టు జారాలి. ఆ పట్టు కళ్లకు కనబడదు, వేళ్లకే తెలియాలి.

"దవాఖానకు పోదాం. బిళ్లలొచ్చినయట. తొందరగ మొదలువెడితే ఆగుతదని రాసిన్రు."

"గా వరండల కూసుంటే ఊరంత జూస్తది. పొద్దుగూకకముందే సేటుకు తెలుస్తది. కారు వోతది." కారు వైపు చూసి, "కారు వోయినంక నేనేంది బిడ్డా?" అన్నాడు.

ఆ మాటకు జవాబు ఏ పుస్తకంలోనూ చదవలేదు. అప్పటికి తోచింది అన్నాను.

"పొగ వస్తెనే గద సేటు నీ దిక్కు జూసేది. పొగ నేనాపుత. భైంసా పోయి పొగ రాకుండ తిరిగొస్తే, తెల్లారి దవాఖానకు వస్తవా?"

"బేరం జేస్తున్నవా నాతోని?"

"అవు."

"ఇది గూడ పుస్తకంల ఉన్నదా?"

"ఇది లేదు."

ఆయన లేచి, మెడలోని తువ్వాల తీసి నా చేతులకు చుట్టాడు.

ఇంజను చల్లారకముందే మూత తీశాను. బాపు కారు ముందుకు పోయి హ్యాండిలును భుజంతో మెల్లమెల్లగా తిప్పుతుంటే, నేను ఒక్కొక్క సందులో ఆకు దూర్చి, మర సరిచేసి, బిగించుకుంటూ పోయాను. ఆయన చేతుల నుంచి పోయింది చెవుల్లో మిగిలే ఉంది. ఒక నిమిషం ఇంజను నడిపించి, తల పక్కకు వంచి విని, "గా చివరిది జర పెద్దగ మాట్లాడుతున్నది," అన్నాడు. దాన్ని మళ్లీ చూశాను. అంతవరకు సులువే.

కష్టం మూతది. దాన్ని బోర్లించి మేం కూర్చొని తినే షాబాదు బండ మీద పెట్టాను. చూపుకు చదునుగానే ఉంది. బండ మీద జొన్నపిండి పలచగా చల్లి, మూత అంచుకు కొంచెం నూనె రాసి, ఒకసారి ఆనించి ఎత్తాను. అంచు బండకు తగిలిన చోట పిండి అంటుకుంది, తగలని చోట లేదు. నడుమ అంటింది, నాలుగు మూలలూ నల్లగానే ఉన్నాయి. అన్ని రోజులు బిగించిన బిగింపంతా అక్కడ కనబడింది. బాపు ఆ మూలలను ఒక్కొక్కటే చూశాడు.

అంచు కింద చెక్క పెట్టి, ఇనుప సుత్తి వద్దని అవ్వ పప్పుగుత్తితో చిన్నగా కొట్టాను. మళ్లీ పిండి, మళ్లీ ఆనించడం, మళ్లీ కొట్టడం. ఒక మూల దిగితే ఇంకోటి లేచేది. చేతులు లాగాయి, మెడ లాగింది.

"పిండి రొట్టెకా, బర్రెకా?" అంది అవ్వ గడపలో నిలబడి. కానీ అయిపోయిన ప్రతిసారీ గుప్పెడు తెచ్చి తానే చల్లింది. ఎండ పాక దాటి చింతచెట్టు మీదికి పోయే వేళకు గీత కలిసింది. అంచు చుట్టూ తెల్లటి గీత, ఎక్కడా తెగకుండా. అప్పుడు అట్ట వేసి, మూత పెట్టి, అటొకసారి ఇటొకసారి నట్లు తిప్పుతూ వచ్చాను. ఇంకొక్క చుట్టు తిప్పాలని చెయ్యి పీకింది. బాపు వైపు చూశాను.

"చంటిపిల్ల," అన్నాడు. ఆపేశాను.

సోమవారం తెల్లవారగానే వాళ్లు భైంసా పోయారు. తిరిగి వచ్చింది మరునాటి సాయంత్రం. నేనూ అవ్వా రోడ్డు మీద నిలబడ్డాం. దూరాన లేచింది దుమ్మో పొగో మాకు తెలియలేదు, దగ్గరికి వచ్చాక దుమ్మే. సేటు దిగి మూత కింద తన తెల్లటి దస్తీతో తుడిచి చూశాడు. దస్తీ తెల్లగానే ఉంది.

"బాగున్నది దేవయ్యా. ఎవలు జేసిన్రు?"

"మా పెద్దపిల్ల."

"అయితే సీట్ల గూడ దాన్నే కూసోవెట్టు," అని నవ్వుతూ పోయాడు సేటు. నిజమని ఆయన అనుకోలేదు.

బాపు మాట తప్పలేదు. తెల్లారి తలపాగా కొస ముఖానికి అడ్డం వేసుకొని దవాఖానలో ఆ వరండాలో కూర్చున్నాడు, నేను పక్కన కూర్చున్నాను. బిళ్లలు మొదలయ్యాయి. ఆ తర్వాత కొన్ని నెలలు ఆయన కారు తోలాడు, శనివారాలు నేను మూత తీసి పెట్టాను. అప్పుడు నేను గుర్తించలేదు గానీ, అలసిపోయి పడుకోవడంలో సుఖం ఉన్న రోజులు అవే. తర్వాత కూడా అలసిపోయాను, చాలా ఏళ్లు, కానీ అది వేరు.

వానలు పడ్డాక సేటుకు తెలిసింది. ఎవరు చెప్పారో మేం వెతకలేదు. ఆయన అరవలేదు, ఇంటికి కూడా రాలేదు. కరీంనగర్ నుంచి ఒక కొత్త డ్రైవరు వచ్చి తాళంచెవి అడిగి కారు తోలుకుపోయాడు. పాకలో నూనె మరకలు మిగిలాయి. కొన్నాళ్లకు అదే డ్రైవరు మూతను గోనెగుడ్డలో పట్టుకొని వచ్చి, నేను చెయ్యి చాపినా ఇవ్వకుండా అరుగు చివర పెట్టాడు.

"మూత వంగిందని సేటు కొత్తది తెప్పిచ్చిండు. గిది మీకే ఇచ్చి రమ్మన్నడు," అన్నాడు. మనిషి చెడ్డవాడు కాదు, మాటల పోగు. "స్టీరింగుకు గూడ కొత్త తోలు సుట్టిచ్చిండు. సీటు మొత్తం మార్పిచ్చిండు. కారు కొత్తదాని లెక్క ఉన్నది."

అతను పోయాడు. నేను లోపలికి పోయి పిండి డబ్బా తెచ్చాను. బండ తుడుస్తుంటే బాపు అన్నాడు.

"పిండి సల్లకు బిడ్డా."

"వంగలే బాపూ. నేను బిగిచ్చిన. నాకు తెలుసు."

"వంగిందని తేలితే నీకు బాధ. వంగలేదని తేలితే?" ఆయన మూతను చూస్తూనే అన్నాడు. "అప్పుడేం జేద్దాం? వంగిందని అన్నడు గద. వేరే మాట అనలే. గంతవరకు మంచిగనే అన్నడు. గట్లనే ఉండనియ్యి."

నేను పిండి డబ్బా మూత పెట్టేశాను. అవ్వ కారు మూతను తీసుకుపోయి, బెజ్జాల్లో మైనం కూరి, నీళ్లు పోసి కోళ్ల ముందు పెట్టింది. "బర్రె వోయింది, కుడితి తొట్టె మిగిలింది," అంది. ఎవరం నవ్వలేదు, అవ్వ కూడా.

జబ్బు ఆగింది. పుస్తకంలో రాసింది నిజమే. స్పర్శ మాత్రం తిరిగి రాలేదు, అది కూడా పుస్తకంలో ఉన్నదే. బాపు దవాఖాన గేటు దగ్గర కావలి పని చేశాడు, ముసలివాడయ్యేదాకా. రోడ్డు మీద ఏ కారు పోయినా తల వంచి విని, ఏ కవాటం వదులైందో గాలికి చెప్పేవాడు. తోలేవాడికి వినబడదు. నేను మిషను బళ్లోనే పంతులమ్మనయ్యాను. నన్ను అడగడానికి వచ్చిన సంబంధాలు మా వీధి మొదట్లోనే ఎవరినో ఏదో అడిగి వెనక్కి పోయేవి. చెల్లెలి వేళకు ఊరు కొంత మరిచింది. దాని గురించి నాకిప్పుడు కోపం లేదు. కోపం పట్టుకొని ఉండటానికి కూడా వేళ్లలో బలం కావాలి.

గ్రేస్‌కు కారుంది. దాన్ని ఎప్పుడు చూపించాలో కారే ఫోనుకు కబురు పంపుతుంది. ఒకసారి సర్వీసువాళ్లు బానెట్ ఎత్తితే తొంగి చూశాను. నున్నటి నల్ల ప్లాస్టిక్ పలక, కింద ఏముందో కనబడదు. మంచిదే. ఎవరి వేళ్లూ కాలవు. ఇంట్లో ఎవరి చేతులు మొద్దుబారాయో మాత్రం అట్లాంటి కారు వల్ల తెలియదు. ఇప్పుడు ఆ జబ్బుకు ఆశా కార్యకర్త ఇంటికే వచ్చి మచ్చలు చూసిపోతుంది, పేరును కూడా మామూలు గొంతుతోనే పలుకుతుంది. ఆ ఒక్క విషయంలో మాత్రం అప్పటి కంటే ఇప్పుడే నయమని తడుముకోకుండా చెప్పగలను. తక్కిన వాటిని తూచే ఓపిక లేదు.

ఇల్లు ఖాళీ చేసి వచ్చిన మరునాడు గ్రేస్ ఆదివారం ఇంటిపని ముగించుకొని వంటింట్లోకి వచ్చేసరికి, నేను మూత కడిగి ఆరబెట్టి, అంచు తుప్పును ఇటుకపొడితో తోమి, నూనె రాస్తున్నాను.

"ఏం జేస్తున్నవు పెద్దమ్మా?"

"జొన్నపిండి ఏడున్నదే?"

సుగరుకని నాకు రాత్రిళ్లు జొన్నరొట్టె. పిండి పొట్లం ఎప్పుడూ ఉంటుంది. గ్రానైటు గట్టు మీద గుప్పెడు చల్లి అరచేత్తో పలచగా పరిచాను. మూతను బోర్లించి రెండు చేతులతో ఆనించి నిలువుగా ఎత్తాను. ఎత్తానే గానీ వెనక్కి తిప్పి చూడటానికి కాసేపు మనసొప్పలేదు. బాపు వద్దన్న పని. ఆయనా లేడు, సేటూ లేడు. తేలితే ఏం చేద్దామని ఆయన అడిగిన ప్రశ్న మాత్రం అట్లాగే ఉంది.

నా కళ్లకూ నమ్మకం లేదు. మూతను గ్రేస్ చేతికిచ్చాను.

"అంచు సుట్టు తెల్లగ గీత ఉండాలె. ఏడన్న తెగిందా సూడు."

ఆ పిల్ల కిటికీ వెలుతురుకు తిప్పి, అంచు పొడుగునా చూపు నడిపించింది.

"లేదు. సుట్టంతా ఉన్నది."

"మూలలు సూసినవా? నాలుగు మూలలు?"

"సూసిన పెద్దమ్మా, అన్నిట్ల ఉన్నది. అయితే ఏంది?"

"ఏం లేదు," అన్నాను. "వంగలే."

గ్రేస్ మూతను కిటికీలో పెట్టి, కుక్కరు పెట్టాలి, గట్టు తుడుస్తానని గుడ్డ తీసుకుంది. పిండిలో మూత అచ్చు ఇంకా అట్లాగే ఉంది. జర ఆగుమన్నాను.